నది ఒక లెక్క, మొహం ఒక లెక్క

గొడుగులమ్మేవాడికి ఎండ సంగతి తెలియదంటే ఎవరైనా నవ్వుతారు. నాకు బాగా తెలుసనే అనుకునేవాడిని. ముప్పై ఏళ్లుగా పొద్దున్నే దుకాణం తలుపు ఎత్తే ముందు తల పైకెత్తి ఆకాశం చూసి, ఇవాళ నల్లవి ముందుకు పెట్టాలో, రంగులవి ముందుకు పెట్టాలో తేల్చుకునేవాడిని. వానైనా ఎండైనా నాకు లాభమే. అలాంటి నన్ను ఎండ ఒక్కసారి నిలువునా ముంచింది. ఆ నష్టం నా మీద పడి ఉంటే ఎప్పుడో మర్చిపోయేవాడిని. అది మా అక్క మొహం మీద పడింది.

అక్క లాంచీ నడుపుతుంది. ఊరి మధ్యలో పారే నదికి ఈ రేవు నుంచి ఆ రేవుకి, ఇరవై ఆరేళ్లుగా. తొమ్మిదేళ్ల క్రితం లాంచీల కంపెనీవాళ్లు టికెట్ల గదిలో తగిలించడానికి నడిపేవాళ్లందరి ఫొటోలూ అడిగారు. అక్కది నేనే తీశాను. మిట్టమధ్యాహ్నం, లాంచీ కప్పు కింద అక్క చుక్కాని చక్రం పట్టుకుని నిలబడింది. వెనక నీళ్లు తళతళలాడుతున్నాయి. కంటికి అంతా కన్నులపండుగే. ఫొటోలో మాత్రం నీళ్లొచ్చాయి, అక్క రాలేదు. అక్క ఉండాల్సిన చోట మసిబొగ్గులాంటి ఆకారం ఒకటి చక్రం పట్టుకుని నిలబడి ఉంది. గడువైపోయిందని కంపెనీవాళ్లు దాన్నే తగిలించారు. ఆ వారంలోనే రోజూ ఎక్కే ప్రయాణికులు అక్కకి నీడమ్మ అని పేరు పెట్టేశారు. పేరు పెట్టడానికి ఏం ఖర్చు? మోసేవాళ్లకే బరువు.

ఈ ఏడు కంపెనీవాళ్లు అద్దాల గదులున్న కొత్త పడవలు తెస్తున్నారు. పాత లాంచీలన్నీ నెలాఖరుకి విరగ్గొట్టడానికి పోతాయి. ఒకటో తారీఖున రేవులో కొత్త హాలు తెరుస్తారు. దాని గోడ మీద ఒక్కొక్కరి ఫొటో తలుపంత పెట్టాలని, ప్రతి ఒక్కరూ తమ పాత లాంచీతో ఉండాలని మేనేజరు చెప్పాడట. కొత్త ఫొటో ఇవ్వనివాళ్లకి పాతదాన్నే పెద్దది చేయిస్తాడట.

ఆ సంగతి అక్క నా దుకాణంలో స్టూలు మీద కూర్చుని చెప్పింది.

"తలుపంత నీడనవుతాన్రా తమ్ముడూ. జనం వచ్చి నా కింద చల్లగా నిలబడతారు. నీ గొడుగులు ఇంకెవరు కొంటారు?"

నవ్వేసి లేచింది. వెళ్తూ వెళ్తూ గుమ్మం దగ్గర అద్దం ముందు ఒక క్షణం ఆగి, చెంప పక్క వెంట్రుకలు చెవి వెనక్కి దోపుకుంది. ఎదుటి మనిషి బేరం వద్దంటూనే సరుకు వైపు చూసే చూపు నాకు తెలియనిది కాదు. అక్కకి ఆ ఫొటో కావాలి.

ఫొటో ఇవ్వడానికి నాకున్నవి పందొమ్మిది రోజులు. ఆ పందొమ్మిదిలోనూ లాంచీ నిలకడగా దొరికేది రోజుకి ఇరవై నిమిషాలు. పన్నెండూ పదికి మా రేవుకి వచ్చి, పన్నెండున్నరకి కదులుతుంది. మిగతా వేళల్లో మూడేసి నిమిషాలే ఆగుతుంది. రాత్రి పడుకునేది అవతలి రేవులో. అంటే పగటివేళల్లోకల్లా చెడ్డవేళే నాకు మిగిలింది.

మొదటి రెండు రోజులూ నా పాత కెమెరాతోనే పోరాడాను. మొహం కనబడేలా సరిచేస్తే నది తెల్లటి గుడ్డలా పాలిపోయింది. నదిని సరిచేస్తే అక్క మళ్లీ బొగ్గయింది. పక్క సందులో స్టూడియో అతన్ని అడిగితే, ఆ వేళలో ఎవడి వల్లా కాదు, సాయంత్రం రమ్మన్నాడు. సాయంత్రానికి లాంచీ ఉండదు.

మూడో రోజు మా దుకాణానికి ఒకమ్మాయి వచ్చింది. చేతిలో రెండు ఊచలు విరిగిన తెల్ల గొడుగు. గాలికి పడిపోయిందని, బాగవుతుందా అని అడిగింది. తిప్పి చూశాను. గుడ్డ మంచిదే. కాడ మాత్రం పొట్టి, పట్టుకోవడానికి పిడే లేదు.

"దీంతో వానకి తల కూడా తడవకుండా ఉండదేమమ్మా?"

"వానకి కాదండీ, వెలుగుకి" అంది.

పెళ్లిళ్లకీ పత్రికలకీ మనుషుల ఫొటోలు తీస్తుందట. సంచిలోంచి అరచేతిలో పట్టేంత ఫ్లాష్ ఒకటి తీసి, గొడుగు వెనక పట్టుకుని టప్‌మని వెలిగించింది. గొడుగు గుడ్డంతా ఒక్కసారి తెల్లారినట్టయింది. నా ఒళ్లు ఝల్లుమంది. ముప్పై ఏళ్లుగా నేను గొడుగులమ్మింది వెలుగు పడకుండా ఆపడానికే. దాన్నే వెలుగు పరవడానికి వాడొచ్చని నాకు ఒక్కరూ చెప్పలేదు.

అక్క సంగతి చెప్పాను. మధ్యాహ్నం పన్నెండుకి, కప్పు కింద, వెనక నది. అవుతుందా?

"అవుతుంది. మీరు నేర్చుకుంటే."

"ఊచలు నేను వేస్తాను. నువ్వు నేర్పు."

"రెండు ఊచలకి ఎన్ని పాఠాలు బాబాయి గారూ?"

"ఊచకి రెండు."

"మీరు గట్టివారే."

గొడుగు విప్పి చూస్తే మూడో ఊచ కూడా వంగి ఉంది. పాఠాలు ఆరయ్యాయి. నిజం చెప్పాలంటే నాలుగోది కూడా కొద్దిగా వంగింది కానీ, అతిగా పోతే బేరం చెడుతుందని దాన్ని ఊరికే సరిచేసిచ్చాను. మర్నాడే పాత సామాన్ల బజారులో రెండు ఫ్లాష్‌లూ, ఒక స్టాండూ, కెమెరా నొక్కగానే ఫ్లాష్‌ని వెలిగించే చిన్న డబ్బీ పట్టుకొచ్చాను.

మొదటి పాఠం దుకాణం వెనక ఖాళీ స్థలంలో. నేను కేక వేసినంత పని చేసింది ఆ రోజే. ముందు ఫ్లాష్ ముట్టుకోవద్దంది. ఆకాశం నీలంగా వచ్చేదాకా కెమెరాని సరిచేయమంది. చేశాను. ఎదురుగా నిలబడిన ఆ అమ్మాయి బొగ్గయిపోయింది.

"ఇదే కదమ్మా నేను తొమ్మిదేళ్ల క్రితం చేసిన పాపం" అన్నాను.

"అప్పుడు మీరు సగం పని సరిగ్గానే చేశారు బాబాయి గారూ. అక్కడితో ఆగిపోయారంతే. మీరు రెంటికీ కలిపి ఒకే లెక్క వేస్తున్నారు. నది ఒక లెక్క, మొహం ఒక లెక్క. నదికి కావలసింది కెమెరాలో పెట్టండి. మొహానికి తక్కువైనది ఫ్లాష్‌తో పొయ్యండి."

గొడుగు వెనక ఫ్లాష్ పెట్టి నొక్కించింది. కెమెరా వెనక చిన్న తెరలో ఆకాశం నీలంగా, మేఘం మేఘంలా, దాని ముందు ఆ అమ్మాయి మొహం పూసిన పువ్వులా విచ్చుకుని ఉన్నాయి. నేను ఆ తెర పట్టుకుని దుకాణంలోకి పరుగెత్తాను. మా ఆవిడ ఒకరికి చిల్లర ఇస్తోంది. కొనడానికొచ్చినవాళ్లకి కూడా చూపించాను. నష్టం ఎంతో ముందే ఒప్పుకుని, దాన్ని ఇంకో పక్క నుంచి పూడ్చడం నాకు కొత్త కాదు. వ్యాపారంలో రోజూ చేసే పనే. వెలుగుకి కూడా అదే వర్తిస్తుందని ఇన్నాళ్లూ తట్టలేదంతే.

రెండో పాఠం దూరం. గొడుగుని మనిషికి సగం దూరానికి జరిపితే వెలుగు రెట్టింపు అవుతుందనుకున్నాను. నాలుగింతలైంది. నమ్మలేక టేపు తెచ్చి కొలిచాను. రెండు బారల నుంచి ఒక బారకి, అక్కడి నుంచి అర బారకి. ప్రతిసారీ నాలుగింతలే. ఒక అడుగు ముందుకేస్తే ఇంత తిరిగొచ్చే వ్యాపారం భూమ్మీద ఇంకొకటి లేదు. ఆ రోజు అన్నం దగ్గర కూడా దాని గురించే మాట్లాడుతుంటే, మా ఆవిడ కూర గిన్నె నా కంచానికి దగ్గరగా జరిపి, ఇప్పుడు నాలుగింతలు తింటారేమో చూద్దాం అంది.

మూడో పాఠంలో దెబ్బ తిన్నాను. ఎండ ఇంకా తగ్గితే నది ఇంకా నీలంగా వస్తుందని షట్టర్ వేగం పెంచుకుంటూ పోయాను. ఫొటో అడుగున అడ్డంగా చీకటి పట్టీ ఒకటి వచ్చింది, ఎవరో గోనెపట్టా కప్పినట్టు. ఫ్లాష్ చెడిపోయిందని, పాత సామాన్లవాడు మోసం చేశాడని వాణ్ని తిట్టడం మొదలుపెట్టాను. ఆ అమ్మాయి నా తిట్లు అయ్యేదాకా ఆగి, కెమెరాలో రెండు తెరలుంటాయని చెప్పింది. మరీ తొందరపెడితే మొదటిది పూర్తిగా తెరుచుకునేలోపే రెండోది మూసుకొచ్చేస్తుంది. మీ దుకాణం తలుపు సగం ఎత్తి దించేస్తే లోపల సగమేగా కనబడేది అంది. నా కెమెరాకి సెకనులో రెండు వందలో వంతు దగ్గర ఆగాలి. అంతకు మించి వెలుగు తగ్గాలంటే లెన్సు రంధ్రం చిన్నది చెయ్యాలి. అప్పుడు ఒక ఫ్లాష్ బలం చాలదు కనుక రెండు ఫ్లాష్‌లనీ ఒకే గొడుగులోకి వెలిగించాలి. అట్ట ముక్క మీద "200" అని రాసి కెమెరాకి కట్టుకున్నాను.

ఆ తర్వాత వారం మా వీధిలో మధ్యాహ్నం ఎవరూ ప్రశాంతంగా నిలబడలేదు. తాళాలు చేసే ఆయన్ని తీశాను. వెనక రోడ్డంతా ఎండలో మండుతుంటే ముందు ఆయన కనుబొమ్మ మీది ఇనుప రజను కూడా లెక్కపెట్టేలా వచ్చింది. క్షౌరశాలాయన, ఉత్తరాలు పంచే ఆమె, వడ్రంగి, వడ్రంగి అత్తగారు. ఆవిడ మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ చీర మార్చి. నిద్రలేచేసరికి చేతులు దురద పెట్టేవి. యాభై రెండేళ్ల మనిషిని, మధ్యాహ్నం పన్నెండు ఎప్పుడవుతుందా అని గోడ గడియారం చూస్తూ కూర్చున్నాను.

ఇదంతా ఆ అమ్మాయి గొడుగుతోనే. చెయ్యి బాగా తిరగాలని అక్క ఫొటోని ఆఖరి రోజుకి ఉంచుకున్నాను. దానికి రెండు రోజుల ముందు ఆ అమ్మాయికి పొరుగూళ్లో పెళ్లి పని తగిలింది. తన గొడుగు తను తీసుకెళ్లింది. నేను కంగారుపడలేదు. గొడుగుల వ్యాపారికి గొడుగు కరువా? నా దగ్గర ఉన్నవాటిలో అన్నిటికన్నా తెల్లనిది, మెరిసిపోయేది ఒకటి తీసి, పిడి కోసేసి స్టాండుకి బిగించాను. ఆఖరి రోజుకి ముందు మధ్యాహ్నం మా ఆవిడని నిలబెట్టి నొక్కాను.

ఆమె తెర దగ్గరికి లాక్కుని చూసింది. తర్వాత అంది. "నేను పోయానా ఏంటి?"

మొహం నీలంగా ఉంది. పెదవులు మరీను. ఇంకోటి తీశాను, ఇంకోటి. అన్నిట్లోనూ చలికి బిగుసుకుపోయినట్టే వచ్చింది. రంగులు మార్చే మీట తిప్పితే మొహం బాగుపడింది కానీ వెనక ఆకాశం పసుపెక్కి మురుగునీళ్లలా తయారైంది. రేపు ఒక్కరోజే ఉంది, అందులో ఇరవై నిమిషాలు.

ఆ అమ్మాయికి ఫోను చేశాను. వెనక పెళ్లి సందడిలో అరిచి అరిచి చెప్పాను.

"గొడుగు ఏ గుడ్డ బాబాయి గారూ? తెల్లగా మెరవడానికి మందేమైనా వేస్తారా?"

ఆ మందు వేయించేది నేనే. మిల్లువాడికి ప్రతిసారీ మరీ మరీ చెప్పి, మామూలుకంటే ఎక్కువ వేయిస్తాను. దుకాణంలో వేలాడదీస్తే పక్క దుకాణాలవి వెలవెలబోవాలని. నేను గొంతు చించుకుని అమ్ముకునే గుణమే ఇప్పుడు అక్క మొహం మీద నీలం పూస్తోంది. ఫ్లాష్ వెలుగు పడితే ఆ మందు నీలంగా మెరుస్తుందట. మందు లేని గుడ్డ ఉందా అని అడిగింది. దుకాణం నిండా గొడుగులున్నాయి. మందు లేని తెల్లది ఒక్కటి లేదు.

ఫోను పెట్టేసి గుమ్మంలో నిలబడ్డాను. నెత్తిమీద ఏదో కిర్రుమంది. దుకాణం గుర్తుగా పైన వేలాడదీసిన పెద్ద గొడుగు. పదకొండేళ్లుగా పడమటి ఎండకి ఎదురుగా వేలాడుతోంది. కట్టినప్పుడు అది కూడా మెరిసే తెలుపే. ఎండ దానిలోని మెరుపంతా తాగేసి, గుడ్డని పాత కాగితం రంగుకి తెచ్చింది. దాన్ని తీసెయ్యమని, అది చూసి ఎవరూ లోపలికి రారని మా ఆవిడ ఎన్నేళ్లుగానో పోరుతోంది.

నిచ్చెన వేసి దింపాను. దుమ్ము దులిపి, కడిగి, ఫ్యాను కింద ఆరబెట్టాను. సాయంత్రం ఎండ ఉండగానే మా ఆవిడని మళ్లీ నిలబెట్టాను. నొక్కి, కళ్లు మూసుకుని, తెర ఆమె వైపు తిప్పాను.

"బతికాను" అంది.

ఆఖరి రోజు పన్నెండుకే మేమిద్దరం రేవులో ఉన్నాం. గాలి. నదికి గాలి ఉంటుందని గొడుగులమ్మేవాడికి వేరే చెప్పాలా? లాంచీ వచ్చి ఆగగానే ఎక్కి, స్టాండుని చక్రానికి ఒక బార దూరంలో కప్పు గుంజకి తాడుతో కట్టాను. అయినా గొడుగు తెరచాపలా ఉబ్బి లాగుతోంది. మా ఆవిడ స్టాండుని రెండు చేతులా కావలించుకుంది. దిగాల్సిన ప్రయాణికులు దిగకుండా, ఎక్కాల్సినవాళ్లు ఎక్కి, అందరూ చుట్టూ చేరారు. నీడమ్మకి పెళ్లిచూపులా అని ఎవరో అన్నారు.

అక్క ఇస్త్రీ చేసిన యూనిఫాం వేసుకుని, చక్రం పట్టుకుని, ఊపిరి బిగపట్టి నిలబడింది. గుర్తింపు కార్డు మీద ఎలా ఉంటుందో అలాగే.

మొదటి ఫొటో. నది నీలంగా, మొహం వెలుగుతో ఉన్నాయి కానీ అక్క చేతులూ చక్రమూ చీకటి పట్టీలో మునిగిపోయాయి. హడావిడిలో వేగం పెంచేశాను. అట్ట ముక్క కెమెరాకి వేలాడుతూనే ఉంది. వేగం దించాను. పన్నెండూ పదహారు.

రెండోది బాగుంది. మూడోది బొగ్గు. నాలుగోది బాగుంది, అయిదోది బొగ్గు. పూర్తి బలంతో వెలిగినప్పుడు ఫ్లాష్ మళ్లీ నిండటానికి అయిదు క్షణాలు పడుతుంది. నేను ఆత్రంలో అది నిండకుండానే నొక్కుతున్నాను. మనసులో అయిదు లెక్కపెట్టుకోవడం మొదలుపెట్టాను. పన్నెండూ ఇరవై రెండు.

ఇప్పుడు వెలుగంతా సరిగ్గా ఉంది. అక్క లేదు. చక్రం దగ్గర ఎవరో భయపడిన పెద్దావిడ నిలబడి ఉంది. నవ్వమంటే పళ్లు బిగించింది. నవ్వొద్దంటే ఇంకా బిగించింది.

"చాల్లేరా, ఉన్నదాంట్లో ఏదో ఒకటి ఇచ్చెయ్. నా మొహమే అంత" అంది మెల్లగా.

పన్నెండూ ఇరవై ఆరు. ఫ్లాష్ నిండటానికి నేను లెక్కపెడుతున్నాను. ఒకటి, రెండు. పెద్ద గాలి వచ్చింది. తాడు జారింది. గొడుగు ఎగిరి, దాంతోపాటు మా ఆవిడ బొంగరంలా తిరిగింది. ఆమెని పట్టుకోవడానికి చుట్టూ ఉన్న జనమంతా ఒక్క పక్కకి దూకారు. లాంచీ ఒరిగింది.

"కూర్చోండి! ఎక్కడివాళ్లక్కడ!"

అక్క గొంతు. ఒక చెయ్యి చక్రం మీద, ఒక చెయ్యి గాలిలోకి లేచి, భుజం ముందుకొచ్చి, కళ్లు అందరినీ ఒక్క చూపులో లెక్కపెడుతూ. జనం టపటపా కూర్చున్నారు. మా ఆవిడ కూడా ఉన్నచోటే కూలబడింది. స్టాండు మాత్రం వదల్లేదు. గొడుగు అక్కకి అర బార దూరంలో ఆగింది. అర బార. నాలుగింతలు. నా వేళ్లు వాటంతటవే లెన్సు రంధ్రం చిన్నది చేసి, నది చీకటి కాకుండా షట్టర్ వేగం తగ్గించాయి. నాలుగు, అయిదు. నొక్కాను.

అక్క గంట కొట్టింది. పన్నెండున్నర. మేం దిగేసరికే తాడు విప్పేశారు. రేవు మీద నిలబడి తెర చూశాను. వెనక నది నీలంగా, అల అలకీ మెరుపు. కప్పు, గుంజలు, చక్రం మీద అరిగిన రంగు, దాని మీద అక్క వేళ్లు. మొహం మీద పొద్దుటి ఎండలాంటి వెచ్చటి వెలుగు. ఇరవై ఆరేళ్లుగా రోజుకి వందల మందిని ఒడ్డుకి చేర్చిన మనిషి మొహం అది. మోచెయ్యి గీసుకుపోయినా మా ఆవిడ పట్టించుకోలేదు. నా భుజం మీంచి తొంగి చూసి, వదిన వచ్చింది అంది. నేను నీళ్లలోకి పోతున్న లాంచీ వైపు కెమెరా ఎత్తి పట్టుకుని, ఆ దూరానికి ఏమీ కనబడదని తెలిసి కూడా ఊపుతూ నిలబడ్డాను.

మేనేజరు చూసి, బాగానే ఉంది కానీ నోరు తెరుచుకుని ఉంది, నవ్వుతున్నది లేదా అన్నాడట. ఇది తప్ప ఇంకేది పెట్టినా వచ్చి చించేస్తానని అక్క చెప్పిందట.

ఒకటో తారీఖున కొత్త హాలుకి వెళ్లాం. అక్క తన తలుపంత ఫొటోకి ఎదురుగా చేతులు కట్టుకుని నిలబడింది. ఇంతలో పెద్ద సంచి భుజాన వేసుకుని ఒకాయన హడావిడిగా లోపలికొచ్చాడు. అడ్డదిడ్డంగా పడవ వైపు పరుగెత్తబోతూ తలెత్తి గోడ చూశాడు. ఆగాడు. గబుక్కున పక్కనున్న బల్ల మీద కూర్చుని, సంచి ఒళ్లో పెట్టుకున్నాడు.

అక్క నా వైపు వంగింది.

"చూశావా" అంది, "జీతం లేకుండా ఇంకొకత్తి దొరికింది నాకు."